పక్షవాత రోగికి తాయ్‌చీ: దూరం నుంచి నేర్పవచ్చునా?

పక్షవాతం వచ్చిన మనిషికి మన ఇళ్లలో మొట్టమొదట జరిగే ఉపచారం తైలమర్దనం. మా ఇంట్లోనూ అదే జరిగినది. 2023 నవంబరులో మా అన్నగారికి ఎడమ చేయి, ఎడమ కాలు పడిపోయినవి. ఆసుపత్రిలో పది రోజులు ఉండి జుక్కల్‌కు తిరిగి వచ్చిన నాటి నుంచి ప్రతి ఉదయం మహానారాయణ తైలాన్ని గోరువెచ్చగా కాచి, నడుము మొదలు అరికాలి వరకు నేనే మర్దన చేసేవాడిని. మూడు మాసాలు ఒక్క పూట తప్పలేదు. ఆయనను మాత్రం మంచం దిగనిచ్చేవాడిని కాను. 2024 ఫిబ్రవరిలో ఒకనాటి తెల్లవారుజామున, మర్దన ముగించి నేను వేడినీళ్ల కోసం పెరట్లోకి వెళ్లిన సమయంలో, ఆయన తనంతట తానే లేచి నిలబడబోయి, నూనె పాదాలతో షాబాదు బండల మీద జారి పడిపోయారు. అదృష్టవశాత్తు తుంటి ఎముక విరగలేదు. కనుబొమ్మ మీద నాలుగు కుట్లు పడినవి. రక్తం గడ్డకట్టకుండా మాత్రలు వాడుతున్న మనిషి కనుక నెత్తురు ఎంతకీ ఆగలేదు. తలకు స్కానింగు తీసి, లోపల రక్తస్రావం లేదని చెప్పేవరకు మా పై ప్రాణాలు పైనే ఉన్నవి.

ఆ పాటుకు కారణం రోగం కాదు, నేను. ఈ వ్యాసం రాయడానికి అదే ప్రేరణ.

నేను వైద్యుడిని కాను, ఉద్యోగవిరమణ చేసిన బడిపంతులును. ఆయుర్వేద గ్రంథాలను తెలుగు తాత్పర్యాలతో చదువుకొనే అలవాటు చిన్ననాటి నుంచి ఉన్నది. ఆ చదువే నన్ను ఒక పొరపాటులోకి దింపినది. అష్టాంగహృదయంలోని దినచర్యాధ్యాయంలో వాగ్భటాచార్యులు వాతపిత్త రోగులు, బాలురు, వృద్ధులు, అజీర్ణం గలవారు వ్యాయామం మానవలెనని చెప్పారు. మా అన్నగారు వృద్ధులు, పైగా వాతరోగి. ఇంకేమి కావలె? కదలనివ్వకుండా మంచాన ఉంచడమే శాస్త్రసమ్మతమని నిశ్చయించుకున్నాను. వ్యాయామం అనగా శరీరానికి ఆయాసం కలిగించే పని అని సుశ్రుతసంహితలో నిర్వచనం ఉన్నదన్న సంగతి నాకు తర్వాత స్ఫురించినది. అనగా వారు వద్దన్నది ఆయాసాన్ని. కూర్చున్న మనిషి మెల్లగా లేచి, ఒక కాలి మీది బరువును రెండవ కాలి మీదకు మార్చుకోవడం ఆయాసం కిందికి రాదు. ఇది నా అన్వయం మాత్రమే. పండితులు కాదంటే వినడానికి సిద్ధంగా ఉన్నాను. చరకసంహితలో పక్షాఘాతానికి స్నేహనం, స్వేదనం, విరేచనం చెప్పబడినవి. తైలానికి దాని స్థానం దానికున్నది. బిగిసిన కండరానికి అది హాయినిస్తుంది, చర్మాన్ని కాపాడుతుంది, రోగికి తనవారి చేతి స్పర్శ దక్కుతుంది. అయితే నేల ఎక్కడ ఉన్నదో పాదానికి తిరిగి నేర్పే శక్తి నూనెకు లేదు.

ఆ సంగతి నాకు కళ్లకు కట్టినట్లు చూపినది మా మేనకోడలు. హైదరాబాదులో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నది. అన్నగారు పడిన వారానికి చూడడానికి వచ్చినది. మందుల దుకాణం వారిని బతిమాలి బరువు తూచే యంత్రాలు రెండు తెప్పించి, ఒక్కొక్క కాలి కింద ఒకటి ఉంచి, అటు వదినె, ఇటు నేను పట్టుకోగా అన్నగారిని నిలబెట్టినది. కుడి కాలి కింద 43 కిలోలు, ఎడమ కాలి కింద 17 కిలోలు! "నిటారుగా నిలబడ్డవా పెద్ద మామయ్యా?" అని అడిగితే "నిలబడ్డ బిడ్డా, చక్కగనే ఉన్న" అన్నారు. ఆయన మనస్సుకు తాను చక్కగానే ఉన్నట్లు తోస్తున్నది. దేహం మాత్రం కుడిపక్కకు ఒరిగి ఉన్నది.

మనిషి నిలకడ మూడింటి మీద ఆధారపడి ఉంటుందని ఆమె వివరించినది. కన్ను చూపే ఆధారం ఒకటి. లోచెవిలో తల వంపును తెలిపే అవయవం రెండవది. అరికాలు, చీలమండ, మోకాలు మొదలైన చోట్ల నుంచి మెదడుకు చేరే కబురు మూడవది. ఈ మూడింటినీ మెదడు క్షణక్షణం సరిపోల్చుకొని కండరాలకు ఆజ్ఞలిస్తుంది. మెదడులో ఒక భాగానికి రక్తం అందక దెబ్బ తిన్నప్పుడు ఆ సరిపోల్చుకోవడం చెడుతుంది. రోగి మంచి కాలినే నమ్ముకుంటాడు. నమ్మని కాలు పనిలేక మరింత మొద్దుబారుతుంది. ఎన్నడో ఒకనాడు చీకటిలోనో, తడి నేల మీదనో ఆ కాలి అవసరం వస్తుంది. అప్పుడు అది అందుకోదు.

"నూనె రాయండి మామయ్యా, నేను వద్దనను. కానీ రాసిన తర్వాత పాదాలు సున్నిపిండితో శుభ్రంగా తుడిచి, ఆయనను నిలబెట్టండి" అని చెప్పి, తాయ్‌చీ అనే చైనా అభ్యాసం పేరెత్తినది. మొదట నాకు నచ్చలేదు. కరాటేవంటిదేదో అనుకున్నాను. నిజానికి అది యుద్ధవిద్యగానే పుట్టినది. 17వ శతాబ్దంలో హెనాన్ రాష్ట్రంలోని చెన్ వంశీయుల గ్రామంలో రూపుదిద్దుకొని, 19వ శతాబ్దంలో యాంగ్ లూచాన్ ద్వారా బీజింగ్ చేరినది. 1956లో చైనా క్రీడా సంఘం వారు దానిని 24 కదలికలకు కుదించి సామాన్య ప్రజలకు అందుబాటులోకి తెచ్చారు. 2020లో యునెస్కో దానిని మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చినది. చూస్తే పోట్లాట ఛాయలే కనిపించవు. మోకాళ్లు కొద్దిగా వంచి, నీటిలో నడిచినంత నిదానంగా, చూపు చేతి వెంట పోతుండగా, శ్వాస బిగబట్టకుండా బరువును ఒక కాలి నుంచి మరొక కాలికి మార్చడమే దాని సారం. బరువు ఉన్న కాలిని నిండు కాలు అనీ, బరువు లేనిదానిని ఖాళీ కాలు అనీ వారి గురువులు అంటారట. కాలు పూర్తిగా ఖాళీ అయిన పిదపనే అడుగు తీయవలెను. పక్షవాత రోగి మరచిపోయినది సరిగ్గా ఈ ఒక్క పాఠమే కదా!

మా మేనకోడలు రెండు రోజులుండి, అన్నగారి రక్తపోటు, గుండె, చూపు, నొప్పి అన్నీ పరిశీలించి, వైద్యుని అనుమతి తీసుకొని, మొదటి పాఠాలు చేతితో పట్టి నేర్పి వెళ్లినది. ఆ తర్వాత వారానికి మూడు దినాలు, ఉదయం ఫలహారమైన గంటన్నరకు, సెల్‌ఫోను తెర మీద కనబడి నేర్పేది. మిగిలిన దినాలలో మేమే చేయించేవాళ్లం. మొదటి మూడు వారాలు కుర్చీలో కూర్చునే అభ్యాసం. తరువాత గోడకు ఆనించిన బరువైన కుర్చీ వీపును పట్టుకొని నిలబడడం. ఆ పిమ్మట, వదినె ఎడమపక్కన కొంచెం వెనుకగా నిలిచి నడుముకు కట్టిన దట్టీని పట్టుకోగా, కుర్చీని వదలి నిలబడడం.

తాయ్‌చీ కదలికలకు ముచ్చటైన పేర్లున్నవి. మేఘాలవలె చేతులు కదిలించడం, అడవి గుర్రం జూలును పాయలు తీయడం, ఒంటికాలి మీద నిలిచిన బంగారు కోడిపుంజు... ఈ చివరిది మా అన్నగారికి ఇప్పటికీ నిషిద్ధమే. మేఘాల కదలికలో నడుము మెల్లగా ఎడమకు తిరుగుతుంటే బరువు ఎడమ కాలికి వస్తుంది. కుడికి తిరుగుతుంటే కుడికి పోతుంది. నాలుగైదు దినాలు అది ఆయనకు పట్టుబడలేదు. ఆరవ దినాన ఉన్నట్టుండి నవ్వి, "ఇది కళ్లంల జొన్నలు తూర్పార వట్టినట్టే ఉన్నది గద తమ్మీ!" అన్నారు. నలభై ఏళ్లు చేట పట్టిన దేహానికి ఆ ఒరవడి గుర్తున్నది. అవతల తెరలో మా మేనకోడలికి తూర్పారపట్టడం ఏమిటో తెలియదు. వదినె చేట తెచ్చి చూపించవలసి వచ్చినది. ఆ నాటి నుంచి మా ఇంట్లో మేఘాల మాట పోయి తూర్పార మాటే నిలిచినది.

ఇది మా ఒక్క ఇంటి అనుభవమైతే పత్రికకు ఎక్కించే సాహసం చేయను. 2009లో హాంకాంగ్‌లో పక్షవాతం వచ్చి ఆరు మాసాలు దాటిన 136 మందిపై ఒక పరిశోధన ప్రచురితమైనది. తాయ్‌చీ వంతు వచ్చినవారు 12 వారాలు, వారానికి ఒక గంట గురువు ఎదుట, మూడు గంటలు తమంతట తాము అభ్యసించారు. నిలబడి ముందుకు, వెనుకకు, పక్కలకు ఒరిగి తమాయించుకొనే శక్తి వారిలో మెరుగుపడినది. అయితే కుర్చీలోంచి లేచి నడచి వచ్చే వేగంలో చెప్పుకోదగిన మార్పు రాలేదు. ఈ రెండవ మాట కూడా చెప్పవలసిందే. 2014లో అమెరికాలోని పరిశోధకులు 145 మందిని మూడు గుంపులు చేసి, ఒక గుంపుకు తాయ్‌చీ, మరొక గుంపుకు వేరొక వ్యాయామం నేర్పి, మూడవ గుంపును మామూలు వైద్యానికే వదిలారు. 12 వారాలలో తాయ్‌చీ వారు పడిన పడుటలు 5. రెండవ గుంపులో 14. మూడవ గుంపులో 15. కాలికి బలం వచ్చినదా, చేతికి పట్టు వచ్చినదా అన్న ప్రశ్నల కన్న, పడిపోవడం తగ్గినదా అన్న ప్రశ్నే నాకు ముఖ్యం. నాలుగు కుట్లు చూసినవాడిని కదా.

"మనకు యోగం ఉండగా పరాయి దేశపు విద్య ఎందుకు?" అని మిత్రులు కొందరు నన్ను నిలదీశారు. యోగాభ్యాసం తెలిసి, పక్షవాత రోగిని నిలబెట్టడం తెలిసిన గురువు దొరికితే సంతోషంగా వారి వద్దకే వెళ్లండి. కానీ పరాయిదన్న ఒక్క కారణంతో తోసిపుచ్చడం మన వైద్యుల సంప్రదాయం కాదు. 16వ శతాబ్దపు భావమిశ్రుడు తన భావప్రకాశంలో అప్పుడే కొత్తగా దేశంలోకి వచ్చిన ఫిరంగ రోగాన్ని వర్ణించి, దానికి చోపచీనిని ఔషధంగా చెప్పాడు. మన పెద్దలు పరంగిచెక్క అని పిలిచే ఆ వేరు చైనా సరుకే. దాని పేరులోనే ఊరు ఉన్నది. పనికివచ్చిన వేరును ద్వీపాంతర వచ అని పేరు పెట్టి మరీ అక్కున చేర్చుకున్నవారి వారసులం, పనికివచ్చే కదలికను ఎందుకు కాదనవలె?

ఇక దూరం సంగతి. జుక్కల్ తెలంగాణకు అంచున ఉన్న ఊరు. సంతలో తెలుగు, మరాఠీ, కన్నడం మూడూ వినిపిస్తవి. 2016లో నిజామాబాదు నుంచి విడిపోయి కామారెడ్డి జిల్లా ఏర్పడినది. 2023లో కామారెడ్డిలో ప్రభుత్వ వైద్య కళాశాల కూడా వచ్చినది. మంచిదే. అయినా కాలు పడిపోయిన మనిషిని ఆటోలోకి ఎత్తి, బిచ్కుంద మీదుగా, పిట్లం మీదుగా కామారెడ్డికి తీసుకుపోయి, అరగంట వ్యాయామం చేయించి తిరిగి తేవడం అంటే ఇద్దరు మనుషులకు ఒక రోజు కూలి పోయినట్లే. వారానికి మూడుసార్లు ఎవరు చేయగలరు? ఒక నెల చేసి మానేస్తారు. నాకు తెలిసిన ఇళ్లలో అంతే జరిగినది. బలం నెమ్మదిగా వచ్చే రోగానికి నెలల తరబడి సాగే అభ్యాసం కావలె. దారి ఖర్చు దాన్ని సాగనివ్వదు.

అలాగని ఇంటివారికే అప్పగించి ఊరుకుంటే సరిపోతుందా? ఈ ప్రశ్నకు మన దేశంలోనే ఒక పెద్ద పరిశోధన జరిగినది. 14 ఆసుపత్రులలో 1,250 మంది పక్షవాత రోగులను తీసుకొని, సగం మంది ఇంటివారికి అదనంగా శిక్షణ ఇచ్చి, వ్యాయామాలు వారిచేతనే చేయించే ఏర్పాటు చేశారు. 2017లో లాన్సెట్ పత్రికలో ఫలితం వెలువడినది. ఆరు మాసాల తర్వాత చూస్తే రెండు గుంపులలోనూ నూటికి 47 మంది మరణించడమో, పరాధీనులై ఉండడమో జరిగినది. శిక్షణ వల్ల తేడా రాలేదు. ఇది చదివిన నాడు నాకు నిద్ర పట్టలేదు. మేము చేస్తున్నదీ అంతకన్న ఎక్కువేమి? అనిపించినది. ఆలోచించగా నాకు తోచినది ఇది: ఇంటివారి ప్రేమకు లోటు లేదు, వారి చేతులకు లోటు లేదు. లేనిదల్లా వారం వారం తప్పును పట్టే కన్ను. ఎడమ మడమ నేలకు అంటకుండా మునివేళ్ల మీదనే నిలబడుతున్నారని మూడు వారాలు నేనూ, వదినె చూడలేకపోయాము. ఎదురుగా ఉన్న మేము చూడలేనిది నూట యాభై కిలోమీటర్ల అవతల ఉన్న ఆమె చూసి, "ఆగండి, మడమ దించండి" అన్నది. అమెరికాలో 11 చోట్ల 124 మందిపై చేసిన పరిశోధన ఒకటి 2019లో వెలువడినది. చేతి వ్యాయామాలను ఆసుపత్రికి వచ్చి చేసినవారితో సమానంగా, ఇంట్లోనే ఉండి తెర ద్వారా పర్యవేక్షణ పొందినవారు కూడా బాగుపడ్డారు. అది చేతి మాట, కాలి నిలకడ మాట కాదు. ఎదుట నిలిచి నేర్పిన తాయ్‌చీకి ఉన్నంత ఆధారం దూరం నుంచి నేర్పినదానికి ఇంకా ఏర్పడలేదు. కనుకనే నేను జాగ్రత్తతో కూడిన సమర్థన చేస్తున్నాను.

ముందుగా ఒక్కసారైనా నిపుణుడు రోగిని చేతితో పట్టి పరీక్షించి తీరవలెను. ఆ పరీక్ష లేకుండా తెర మీద ఆరంభించే ఏ వ్యాయామానికీ నేను ఒప్పుకోను. రెండవది, ఫోనులో ఎవరో చేసి పెట్టిన దృశ్యాలను చూసి అనుకరించడం వేరు, అవతలి మనిషి మనలను చూస్తూ చెప్పడం వేరు. మొదటిదానిలో చూసేది మనం. రెండవదానిలో చూడబడేది మనం. పక్షవాత రోగికి రెండవదే కావలె. ఫోనును ఎత్తైన ముక్కాలిపీట మీద, తల నుంచి పాదం దాకా కనబడేటట్లు ఉంచుకోవలెను. వెలుతురు రోగి ముఖం మీద పడవలెను గాని వీపు మీద కాదు. మా ఇంటి లోపల సిగ్నలు అందదు కనుక వసారాలో చేయించేవాళ్లం. అక్కడ చాపలు, కాళ్లకు అడ్డం పడే చెప్పులు, పిల్లల ఆటవస్తువులు అన్నీ తీసివేసేవాళ్లం. ఒకనాడు బరువు మార్చే మధ్యలో కరెంటు పోయి తెర మీది బొమ్మ ఆగిపోయినది. ఏమి చేయాలో తోచక అన్నగారు ఒక కాలి మీద అట్లే బిగుసుకొని నిలబడ్డారు. ఆ దినం నుంచి మాకొక కట్టుబాటు: బొమ్మ ఆగితే కూర్చోవడమే.

ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, అదుపులేని రక్తపోటు ఉన్న నాడు అభ్యాసం లేదు. లేచి నిలబడగానే తల తిరిగితే రక్తపోటు మాత్రల మోతాదు సంగతి వైద్యునికి చెప్పవలెనే తప్ప, సొంతంగా మానరాదు. తాయ్‌చీ పేరు చెప్పిగాని, కషాయం పేరు చెప్పిగాని ఆ మాత్రలు మాన్పించేవారి మాట వినకండి. ఉన్నట్టుండి మూతి వంకర పోయినా, మాట తడబడినా, చేయి జారినా అది వ్యాయామపు అలసట అనుకోక వెంటనే 108కు ఫోను చేయండి. గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజక్షనుకు నాలుగున్నర గంటలే గడువు. మా ఊళ్లో ఇప్పటికీ ఆ నాలుగున్నర గంటలూ పావురం కోసం వెతకడంలో గడచిపోతున్నవి. పావురం నెత్తురు పూస్తే కాలు తిరిగి వస్తుందన్న నమ్మకం చదువుకున్నవారిలోనూ ఉన్నది. ఆ మూగజీవి ఏమి పాపం చేసినదో!

మా అన్నగారికి మేనకోడలు ఉన్నది. లేనివారి సంగతి ఏమిటి? దేశంలో ఈ-సంజీవని ద్వారా 2019 నవంబరు నుంచి వైద్యులకు వైద్యులు, 2020 ఏప్రిల్ నుంచి రోగులకు వైద్యులు తెర మీద సలహా ఇస్తున్నారు. దూరవైద్యానికి 2020 మార్చి 25న కేంద్రం మార్గదర్శకాలు కూడా ఇచ్చినది. జ్వరానికి తెర మీద మందు రాయగలిగిన వ్యవస్థ, పడిపోయిన కాలికి తెర మీద పాఠం చెప్పించలేదా? ప్రతి మండల ఆసుపత్రికి నెలకు రెండు దినాలు ఒక ఫిజియోథెరపిస్టు స్వయంగా వచ్చి రోగులను పట్టి చూసి, మిగిలిన దినాలలో జిల్లా కేంద్రం నుంచి నలుగురైదుగురిని ఒకేసారి తెర మీద చూస్తూ నేర్పే ఏర్పాటు చేస్తే చాలు. ఇందుకు భవనాలు అక్కరలేదు. ఇంటి నుంచి ఒక కుర్చీ, ఒక దట్టీ, పక్కన నిలిచే ఒక మనిషి మేము ఇచ్చుకుంటాము. చూసే కన్ను ఒక్కటే ప్రభుత్వం ఇవ్వవలెను.

నాలుగు మాసాలు నిండిన దినాన బరువు యంత్రాలను మళ్లీ తెప్పించాము. కుడి కాలి కింద 34, ఎడమ కాలి కింద 26. ఎడమ చేయి ఇంకా గ్లాసు పట్టదు. చేతికర్ర లేకుండా వాకిలి దాటరు. అయినా ఆ ఫిబ్రవరి తర్వాత ఈనాటి వరకు ఆయన నేల మీద పడలేదు. మర్దన ఇప్పటికీ నేనే చేస్తున్నాను, రాత్రిపూట, పడుకోబోయే ముందు. పాదాలు తుడిచే పని మాత్రం నాకు వదలకుండా వదినె తన చేతిలోకి తీసుకున్నది.